నిలబడ్డ కొలత

ఆ రోజు పొద్దున ఆకాశం ఉతికి ఆరేసిన పాత దుప్పటిలా ఉంది. మబ్బు పల్చగా, అంచూ మడతా లేకుండా పరుచుకుంది. కురిసేదీ కాదు, విడిచేదీ కాదు. సూర్యుడెక్కడున్నాడో తెలియాలంటే కాస్త తెల్లగా ఉన్న చోటు వెతుక్కోవాలి. బడి గేటు తీస్తూ దర్జీ ఒకసారి పైకి చూశాడు. ఇలాంటి వెలుగంటే అతనికి ఇష్టం. నీడ పడదు, సుద్దగీత చక్కగా కనబడుతుంది.

రోగం మొదలైన దగ్గర్నుంచీ బడి మూతపడే ఉంది. పెద్ద గదిలో బెంచీలన్నీ గోడవారకు నెట్టి, నాలుగు బల్లలు కలిపి కోతబల్ల చేశారు. ఇళ్ళనుంచి మోసుకొచ్చిన ఐదు కుట్టుమిషన్లు కిటికీల కింద వరసగా ఉన్నాయి. వాటి మీద కుట్టేది ఆ వీధుల ఆడవాళ్ళే. ఎవరికీ జీతం లేదు. చందాలు పోగుచేసి గుడ్డ కొంటారు, కుట్టిన సూట్లు పెద్దాసుపత్రికి ఇస్తారు. రోగం అంటకుండా తల మీదనుంచి మడమల దాకా ఒకటే తొడుగు, ముందు జిప్పు. చందా ఇచ్చే స్తోమత దర్జీకి లేదు. అందుకని కోత తనది అన్నాడు.

అతను గుడ్డ పొరలు పొరలుగా పరిచి, కాగితం చుట్టిన ఇటుకలు అంచుల మీద పెట్టాడు. ఈ గుడ్డకు గుండుసూది పనికిరాదు. గుచ్చితే ఆ బెజ్జం మళ్ళీ మూసుకోదు. తప్పు కుట్టి విప్పినా అంతే. ముప్పై ఏళ్ళు మామూలు గుడ్డ కోసిన చేతికి ఇది కొత్త. ఏ బట్టైనా విప్పి కుట్టొచ్చునన్న ధీమా దీని దగ్గర పనిచెయ్యదు.

"రైట్, రైట్!" అంటూ కండక్టరు లోపలికొచ్చాడు. బస్సులు ఆగిపోయినా అతని భుజాన తోలుసంచి దిగలేదు. చందాలు వసూలు చేసేది అతనే. వీధిలో నిలబడి టికెట్టు కేక వేస్తాడు. ఇంకా ఇవ్వనివాళ్ళు ఎవరైనా ఉన్నారా అని.

"ఎలా ఉందోయ్ ఈ రోజు?" అని అడిగింది హెడ్మాస్టరమ్మ. ఉద్యోగం విరమించి ఎన్నేళ్ళయినా ఆ బడిలో ఆమె కుర్చీ ఆమెదే. ఈ పనంతా ఆమె తలకెత్తుకున్నదే.

"మేడల మీదివాళ్ళు తాడుకి బుట్ట కట్టి దించుతున్నారండీ. మనిషి కనబడడు, చందా దిగుతుంది. నా సర్వీసులో ఇంత మంచి ప్రయాణికుల్ని చూళ్ళేదు. ఒక్కళ్ళూ చిల్లర అడగరు!"

మిషన్ల దగ్గర ఆడవాళ్ళు నవ్వారు. దర్జీ కూడా మాస్కులోపల నవ్వుకున్నాడు. గేటు పక్కనున్న నల్లబోర్డు మీద కండక్టరే రాశాడు: ఒక్క రోలు గుడ్డ, ఇరవైరెండు ప్రాణాలు. మొదట్లో రోలుకు ఇరవయ్యే అనుకున్నారు. దర్జీ రెండు రాత్రులు కాగితాలు అటూ ఇటూ తిప్పి ఇరవైరెండు వచ్చేలా చేశాడు. ఆ రోజు హెడ్మాస్టరమ్మ అందరి ముందూ, "ఇదయ్యా చేతిపనంటే" అంది. అతనికి ఆ మాట ఇంకా చెవుల్లోనే ఉంది.

ఆమె కళ్ళజోడు సర్దుకుని ఒక కాగితం విప్పింది.

"ఆసుపత్రినుంచి ఉత్తరం వచ్చింది. డాక్టర్లూ నర్సులూ మనల్ని మెచ్చుకున్నారు. కానీ వార్డులు ఊడ్చే ఆడవాళ్ళ సూట్లు వారం తిరక్కుండా పధ్నాలుగు చిరిగాయట. మంచాల కొక్కేలకు తగిలించుకుంటున్నారు, జాగ్రత్త లేదు అంటున్నారు. ఇకమీదట సూట్లు డాక్టర్లకీ నర్సులకీ మాత్రమే ఇచ్చి, వీళ్ళకి ప్లాస్టిక్ ముందుగుడ్డలు చాలునంటున్నారు. సరేనంటారా అని అడిగారు."

"మనం వీధివీధీ తిరిగి అడుక్కొస్తుంటే వాళ్ళు కొక్కేలకి తగిలిస్తారా?" అంది మిషను దగ్గరామె ఒకత్తె.

దర్జీ కత్తెర ఆగింది. "ఎక్కడ చిరిగాయటండీ?"

"వెనక. నడుము కిందనుంచి." ఆమె కాగితం మడిచింది. "జనం నోటి దగ్గరిది తీసి ఇస్తున్నారు నాయనా. చూస్తూ చూస్తూ పాడుచేయనివ్వలేం. రేపు జవాబు రాస్తాను."

అతను మళ్ళీ కత్తెర నడిపాడు. రెండో కోత గీత దాటిపోయింది. అతని చేతిలో గీత దాటడం అక్కడెవరూ చూడలేదు. చూసినవాడు అతనొక్కడే.

*

దర్జీ అక్క ఆ ఆసుపత్రిలోనే జ్వరాల వార్డు ఊడుస్తుంది. రోగం వచ్చాక ఆమె కింద గదుల్లోకి రావడం మానేసింది. పెరటివైపునుంచి వచ్చి, స్నానం చేసి, బయటి మెట్లెక్కి పైగదికి పోతుంది. దర్జీ భార్య కంచం మధ్యమెట్టు మీద పెట్టి వెనక్కి వస్తే, ఆమె దిగి తీసుకుంటుంది.

ఆ సాయంత్రం దర్జీ పెరట్లో నిలబడి పైకి చూశాడు. పిట్టగోడ మీది తాడుకు అక్క బట్టలు ఆరుతున్నాయి. వాటి పక్కన క్లిప్పులు పెట్టి ఒక నల్లటి చెత్తసంచి. అడుగున ఒక కంత, పక్కల రెండు కంతలు.

"అదేంటక్కా?"

అక్క తల తుడుచుకుంటూ గోడ దగ్గరికి వచ్చింది. "ఏదీ? ఓ, అదా. మూడు కంతలు పెడితే చొక్కా. నీకంటే తొందరగా కోశాను, చూశావా? సుద్దకూడా పెట్టలేదు."

అతనికి నవ్వు రాలేదు. "సూటేదీ?"

"చిరిగింది కదరా. ఇంకోటి ఇవ్వలేదు."

"ఎలా చిరిగింది?"

"మంచాలకి కొక్కేలుంటాయి, సీసాలు తగిలించేవి. పట్టుకుంది."

"మీ అందరికీనా?"

"అన్ని మంచాలకీ ఉంటాయిగా కొక్కేలు." ఆమె తువ్వాలు దులిపి తాడు మీద వేసింది. "వెళ్ళి అన్నం తిను. పొద్దుననగా పోయావు."

కొక్కేలే అయ్యుంటాయి అనుకున్నాడు దర్జీ. కాసేపు ఊపిరి తేలికగా ఆడింది. తిన్నంతసేపూ కొక్కేలనే తలుచుకున్నాడు. చెయ్యి కడుక్కుంటుంటే మాత్రం, కొక్కెం పట్టుకుంటే భుజం దగ్గర పట్టుకోవాలి గానీ నడుము కింద ఎందుకు పట్టుకుంటుందీ అనిపించింది.

*

మర్నాడు అందరికంటే ముందు బడికి పోయాడు. కండక్టరు మెట్ల మీద కూచుని రసీదు పుస్తకాలు సర్దుకుంటున్నాడు.

"ఒకసారి సూటు తొడుక్కుంటావా?"

"మళ్ళీనా? మొదటిరోజు చేతులు చాపి నిలబెట్టావు, ఇప్పటికీ భుజాలు పీకుతున్నాయన్నా." అంటూనే తొడుక్కుని జిప్పు లాక్కున్నాడు. బస్సు మధ్యలో నిలబడ్డట్టే కాళ్ళు ఎడంగా పెట్టి నిటారుగా నిలబడ్డాడు. సూటు ఎక్కడా ముడత లేకుండా కూర్చుంది. ఆనాడూ ఇంతే. ఇది చూసుకునే దర్జీ వెనకభాగంలో మూడంగుళాలు తగ్గించాడు. మూడంగుళాల చొప్పున మిగిలిన గుడ్డలోనే ఆ పైరెండు సూట్లూ వచ్చాయి.

"నీ పెన్ను కింద పడింది చూడు."

కండక్టరు గొంతుక్కూర్చుని చెయ్యి చాపాడు. చెట్టుబెరడు ఊడినట్టు చప్పుడైంది.

అతను అలాగే కూర్చుని తల వెనక్కి తిప్పాడు. "పోయిందా? ఎంత పోయిందన్నా? ఎవరైనా వస్తున్నారా?" లేచి రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "నా పొట్టదే తప్పు. మూడు నెలల్నుంచి ఇంటి తిండి. మా ఆవిడకి వేరే పనేముంది, పెట్టడమేగా. ఎవరితో అనకు, నీకు పుణ్యముంటుంది."

పొట్ట ముందుంటుంది, చిరిగింది వెనక. దర్జీ ఆ మాట అనలేదు. చినుగులో వేలు పెట్టి చూశాడు. కుట్టు కుట్టులాగే ఉంది. దాని పక్కన గుడ్డే సాగలేక విచ్చుకుంది.

కండక్టరు వీధిలోకి పోయాక అతను కోతకు నమూనాగా వాడే అట్టముక్కను కోతబల్ల మీద పెట్టి, వెనకభాగానికి మూడంగుళాల అట్ట అతికించాడు. ఎవరికీ చెప్పలేదు. ఇకనుంచి వచ్చేవి సరిగ్గా ఉంటే చాలుకదా అనుకున్నాడు. మధ్యాహ్నానికి రోలు అయిపోయింది. కోసిన కట్టలు లెక్కపెట్టిన హెడ్మాస్టరమ్మ తలెత్తింది.

"ఇరవైయే వచ్చాయేం?"

"చివర మరకలున్నాయండీ. తీసేశాను."

అబద్ధం ఆడే అలవాటు లేని నోరు. ఆమెకూ అతన్ని అనుమానించే అలవాటు లేదు. "అయ్యో, షాపువాడితో చెబుదాం" అని ఊరుకుంది. తర్వాత ఆసుపత్రికి జవాబు రాసింది. గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. చందాదారుల సొమ్ము దుబారా కాకూడదు కాబట్టి మీ నిర్ణయానికి సమ్మతమే అని చదివి వినిపించి, అంటించి, కండక్టరుకి ఇచ్చింది. అతను తోలుసంచిలో వేసుకున్నాడు.

కవరు సంచిలో పడుతుంటే దర్జీ చూశాడు. అప్పుడర్థమైంది. తను సరిచేసిన సూట్లన్నీ నిలబడి పనిచేసేవాళ్ళకే పోతాయి. వంగేవాళ్ళకి చెత్తసంచి.

నోరు తెరిచాడు. మళ్ళీ మూసుకుని బల్ల మీది సుద్ద అందుకున్నాడు. కండక్టరు సైకిలు గేటు దాటింది.

*

అక్క ఆ సాయంత్రం ఆలస్యంగా వచ్చింది. స్నానమయ్యాక కూడా గోడ దగ్గరికి రాలేదు. దర్జీ కిందనుంచి పిలిచాడు.

"అక్కా, వార్డులో నువ్వు పనెలా చేస్తావో ఒకసారి చేసి చూపించు."

"మతిపోయిందా నీకు? పొద్దుటనుంచీ చేసిందే చాలక."

"ఒక్కసారి."

ఆమె తమ్ముడి ముఖంలోకి చూసింది. ఏమనుకుందో, మెట్ల పైన చదునుచోట నిలబడింది. లేని బకెట్టు ఒకటి ఎత్తి పక్కన పెట్టింది. గొంతుక్కూర్చుని, ఒక చెయ్యి నేలకు ఆనించి, మంచం కిందికి తల దూర్చినట్టు దూర్చి, రెండో చేత్తో బార చాపి తుడిచింది. కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకి జరిగింది. మళ్ళీ తుడిచింది. లేచి, పడుకున్న మనిషి మీదికి వంగి, కింద తడిసిన దుప్పటి గుండ్రంగా చుట్టి లాగింది. వంగే ఉండి ముడివేసింది. మళ్ళీ గొంతుక్కూర్చుంది.

దర్జీ మెడలో టేపు వేలాడుతూ ఉంది. దగ్గరికి పోయి కొలిచే వీల్లేదు. కళ్ళతోనే కొలిచాడు. కొత్తగా కలిపిన మూడంగుళాలు కూడా చాలవు. మోకాలి దగ్గర ఇంకా కావాలి, చంక కింద ఇంకో ముక్క పడాలి. ఇన్నేళ్ళుగా ఎందరికో కొలతలు తీశాడు. అందరినీ నిటారుగా నిలబడమనే తీశాడు. అక్క ఇలా ఇరవై ఏళ్ళనుంచి వంగుతోందని తెలుసు గానీ, వంగడం చూడ్డం ఇదే మొదలు.

"చాలా? ఇంకా చెయ్యమంటావా?" ఆమెకు ఆయాసం వచ్చింది.

"అక్కా, కొక్కెం కాదు. నేనే వెనక గుడ్డ తగ్గించాను."

అక్క పై మెట్టు మీద కూర్చుంది. "తెలుసులే."

"తెలుసా?"

"మన నాన్నకి కాజాలు కుట్టింది నేనురా. నువ్వప్పటికి దారం ఎక్కించడమే ఎరగవు. కుట్టు తెగలేదు, గుడ్డ చాలలేదు. చెయ్యి పెట్టగానే తెలిసింది."

"మరి కొక్కేలన్నావు?"

"సూపర్‌వైజరు అడిగాడు. నోటికొచ్చింది చెప్పాను. సూట్లు మా తమ్ముడే కోశాడని వార్డంతా చెప్పుకున్నాను మరి. నీ పేరు చెడిపోతే నిన్ను ఆ బడికి రానిస్తారా? నీ షాపు మూసిన కొత్తలో గోడవైపు తిరిగి పడుకునేవాడివి. మాట్లాడితే పలికేవాడివి కాదు. ఆ బల్ల దగ్గర నిలబడ్డాకే కాస్త మనిషివయ్యావు."

వంటింటి గుమ్మంలో దర్జీ భార్య చేతిలో గరిటెతో నిలబడిపోయింది.

"నా ఒక్కదాని సూటుకే చెప్పాననుకున్నాను" అంది అక్క. "ఆయన ఆ కొక్కేన్ని అందరి సూట్లకీ తగిలించాడు. తర్వాత మాట మారుద్దామంటే ముఖం చెల్లలేదు." మెడ మీద చెమట తుడుచుకుంది. "నాతో పాటు ఊడ్చే మా పొట్టిదానికి ఈవేళ జ్వరం. పరీక్ష చేసి ఇంటికి పంపించారు. చెత్తసంచి కూడా దానికి నిలవలేదు, పక్కన చినిగితే కాగితం అంటించుకుంది. పోతూ పోతూ నాతో, కొక్కేలు చూసుకోక్కా అని చెప్పి పోయింది."



*

పొద్దున ఆడవాళ్ళంతా వచ్చి మిషన్ల దగ్గర కూర్చునేదాకా దర్జీ కత్తెర పట్టలేదు. కూర్చున్నాక అట్టముక్క చేత్తో పట్టుకుని గది మధ్యకి వచ్చాడు.

"సూట్లు కొక్కేలకి చిరగలేదు. నేను కోసిన కోతకి చిరిగాయి. రెండు ఎక్కువ రావాలని వెనక గుడ్డ తగ్గించాను. నిలబడితే బాగానే ఉంటుంది. వంగితే చిరుగుతుంది. నిన్న మరకలన్నది కూడా అబద్ధం."

మిషన్లు ఒకటి తర్వాత ఒకటి ఆగాయి. కండక్టరు తన పొట్టవైపు ఒకసారి చూసుకున్నాడు.

హెడ్మాస్టరమ్మ కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకుంది. తిడుతుందనుకున్నాడు దర్జీ. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు.

"చూపించు" అంది.

అతను అట్ట బల్ల మీద పరిచి, పాత గీతా కొత్త గీతా చూపించాడు. మోకాళ్ళ దగ్గరా చంకల దగ్గరా ఎంత కలపాలో వేలితో గీసి చూపించాడు. ఒకప్పుడు లెక్కలు చెప్పిన మనిషి కాబట్టి ఆమెకు రెండోసారి చెప్పే పని లేకపోయింది.

"అలా అయితే రోలుకి ఎన్ని?"

"పద్ధెనిమిదండీ."

"బోర్డు మీద మార్చు" అంది కండక్టరుతో.

అతను తలగోక్కున్నాడు. "ఎక్కి కూర్చున్నాక టికెట్టు పెంచినట్టుంటుందండీ. జనానికి ఏం చెప్పమంటారు?"

"జరిగింది చెప్పు. కొలత తప్పిందని చెప్పు. వెనక్కి అడిగినవాళ్ళకి ఇచ్చెయ్యి." లేచి నిలబడింది. "ఉత్తరం ఇచ్చేశావా?"

"నిన్ననే ఇచ్చానండీ. సూపర్‌వైజరు చేతికే."

ఆమె కుర్చీ వెనక్కి జరిపి దర్జీవైపు చూసింది. "పద."

ఆసుపత్రి వెనక గేటు దగ్గర వాళ్ళిద్దరూ ఎడంగా నిలబడ్డారు. షిఫ్టు మారే వేళ. ఊడ్చే ఆడవాళ్ళు ఒక్కొక్కరే బయటికి వచ్చి, తొట్టి దగ్గర నల్లసంచులు తలమీదనుంచి విప్పుతున్నారు. చెమటకి బట్టలు ఒంటికి అతుక్కుపోయి ఉన్నాయి. ఒకామె సంచికి వీపు మీద దుకాణం బొమ్మ ఉంది, తలకిందులుగా. హెడ్మాస్టరమ్మ ప్రతి ఒక్కరినీ చూసింది. హాజరు పిలుస్తున్నట్టు పెదవులు కదిలాయి.

సూపర్‌వైజరు వచ్చాడు. "మీ జవాబు అందిందమ్మా. పైకి పంపించేశాం."

"అయితే దీన్ని కూడా పంపండి" అని ఆమె నడుస్తూ నడుస్తూ రాసిన కాగితం తీసింది. అక్షరాలు వంకరగా ఉన్నాయి, రెండు చోట్ల కొట్టివేతలున్నాయి. "అది రాసింది నేనే. తప్పు రాశాను. చిరిగింది వీళ్ళ జాగ్రత్త లేక కాదు, మా కోత లోపం. ఇకనుంచి వచ్చే సూట్లు ముందు వీళ్ళకి ఇవ్వండి, తర్వాతే మిగతావాళ్ళకి. కాదంటే ఈ గేటు దగ్గర నేనే పంచుతాను."

దర్జీ తలెత్తాడు. 'మా కోత' అంది ఆమె.

తొట్టి దగ్గర అక్క సంచి మడతపెడుతూ వింది. నలుగురు తోటివాళ్ళు ఆమె వైపు తిరిగారు. ఆమె వాళ్ళకి ఎదురుగా నిలబడి, "కొక్కేల మాట నేనే కల్పించాను. మా వాడి కోసం" అంది. ఒకామె ముఖం తిప్పుకుని వెళ్ళిపోయింది. ఇంకొకామె, "మరి ముందే చెప్పొచ్చు కదే" అని ఊరుకుంది.

*

పద్ధెనిమిది సూట్లు రెండు రోజుల్లో తయారయ్యాయి. కండక్టరు నల్లబోర్డు మీద అంకె చెరిపి పద్ధెనిమిది రాశాడు. వీధుల్లో నిజమే చెప్పాడు. ఒకాయన చందా వెనక్కి తీసుకున్నాడు. ఒక ముసలామె మాత్రం మేడమీదనుంచి బుట్ట రెండోసారి దించి, "ఆ మూడంగుళాలకి ఇది" అందట. అతను ఆ మాటని రోజంతా అందరికీ ఒప్పజెప్పుతూ తిరిగాడు.

సూట్లు వార్డుకి పోయిన రోజు సాయంత్రం దర్జీ పెరట్లో రాయి మీద కూర్చున్నాడు. అక్క వచ్చి, స్నానం చేసి, మెట్లెక్కింది. పిట్టగోడ మీది తాడుకి బట్టలు మాత్రమే వేసింది. సూటు ఎలా ఉందని అడగడానికి అతనికి ధైర్యం చాలలేదు.

భార్యే అడిగింది. "ఎలా ఉంది వదినా?"

"పొద్దున్నుంచీ వంగాను. వంగినప్పుడు నాతో పాటు వంగింది" అంది అక్క. తాడు మీది బట్టలు సర్దుతూ, "పొట్టిదాని పరీక్ష ఫలితం ఇంకా రాలేదు" అంది.

భార్య అక్క కంచం మధ్యమెట్టు మీద పెట్టి వచ్చింది. దర్జీ లోపలికి పోలేదు. తన కంచం బయటికే తెచ్చుకుని రాయి మీద కూర్చున్నాడు. భార్య తనదీ తెచ్చుకుని గుమ్మంలో కూర్చుంది. అక్క పైమెట్టు మీద కంచం ఒళ్ళో పెట్టుకుంది.

ముగ్గురూ కలుపుకుని తిన్నారు. కూరలో ఉప్పు తగ్గింది. ముగ్గురికీ తెలిసింది. ఎవరూ అనలేదు.